పాత కంప్యూటర్ చాలు: పెళ్ళి డీవీడీలు క్లారిటీ చెడకుండా మార్చుకోవడం

పాత కంప్యూటర్‌లో డీవీడీ కన్వర్ట్ చేస్తే క్లారిటీ రాదని నెల్లూరులో, ఒంగోలులో చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకంతోనే పెళ్ళి డిస్కులు, ఓణీల ఫంక్షన్ డిస్కులు సంచీలో వేసుకుని షాపుకి పోతారు. టీ తాగి వచ్చేలోగా పెన్‌డ్రైవ్ చేతికొస్తుంది. ఇంట్లో పెద్ద టీవీలో పెట్టి చూస్తే చెయ్యి కదిలిన చోటల్లా అడ్డగీతలు, చీర అంచు నిండా గళ్ళు, మొహాలు సాగిపోయి ఉంటాయి. డిస్కు పాతది కదా, ఇంతేలే అని సరిపెట్టుకుంటారు. డిస్కులో అంత అధ్వానంగా లేదు. మార్చడంలోనే పోయింది.

వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్ చేసేదంతా లెక్కలే. అదే సాఫ్ట్‌వేర్‌కి అవే సెట్టింగులు ఇస్తే 2008 నాటి కోర్ 2 డుయో మీద వచ్చే బొమ్మకీ, నిన్న కొన్న ప్రాసెసర్ మీద వచ్చే బొమ్మకీ కంటికి కనిపించే తేడా ఉండదు. తేడా అంతా పట్టే టైములోనే. పెళ్ళి వీడియోకి తొందరేముంది? రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి అవుతుంది. పైగా కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవే రావడం లేదు. మూలన దుమ్ము పట్టిన డెస్క్‌టాప్‌లో ఆ డ్రైవ్ ఉంది. దాన్ని పాతసామాన్లవాళ్ళకి వేసేముందు ఈ ఒక్క పని దానితో చేయించుకోండి. ఇక్కడ చెప్పేదంతా మన ఇంటి డిస్కుల గురించే. తాళం వేసి అమ్మే సినిమా డిస్కుల సంగతి వేరు.

ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న: అసలు మార్చాలా? చాలాసార్లు అక్కర్లేదు. మన దేశంలో డీవీడీలు పాల్ పద్ధతిలో ఉంటాయి: 720 అడ్డం, 576 నిలువు, సెకనుకి 25 ఫ్రేములు (నిలిచిన బొమ్మలు), ఎంపెగ్-2 కుదింపు. మామూలు డిస్కు సైజు 4.7 జీబీ. 1 టీబీ హార్డ్ డిస్క్‌లో నిండుగా ఉన్న డిస్కులు కూడా రెండొందలకు పైగా పడతాయి. ఏ ఇంట్లోనూ అన్ని డిస్కులు ఉండవు. డిస్కులో వీడియో అంతా ఉండే వీడియో_టీఎస్ (VIDEO_TS) ఫోల్డర్ మొత్తాన్ని యథాతథంగా హార్డ్ డిస్క్‌లోకి తీసుకుంటే ఒక్క చుక్క నాణ్యత కూడా పోదు. ముక్కలుగా కాకుండా ఒకే ఫైలు కావాలంటే మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అది వీడియోని మళ్ళీ కుదించకుండా, డబ్బా (వీడియోనీ శబ్దాన్నీ కలిపి ఉంచే ఫైలు రకం) మాత్రం మార్చి ఎంకేవీ ఫైలు చేసి ఇస్తుంది. ఎంత పాత కంప్యూటర్‌లో అయినా, డిస్కు చదవడానికి పట్టే టైములోనే అయిపోతుంది. ఈ అసలు కాపీ చేతిలో లేకుండా కన్వర్ట్ చేయడం మొదలుపెట్టొద్దు. ఏ సెట్టింగు తప్పయినా మళ్ళీ మొదలుపెట్టడానికి ఆధారం అదే. చాలా టీవీల యూఎస్‌బీ పోర్టు ఈ ఎంపెగ్-2 ఫైలుని నేరుగా ఆడిస్తుంది కూడా. ఫోన్లకి పంపాలన్నా, సైజు తగ్గాలన్నా, టీవీ ఆడించకపోయినా అప్పుడు మార్చాలి.

కాపీ తీయడంలోనే సగం డిస్కులు ఏడిపిస్తాయి. స్టూడియోవాళ్ళు వధూవరుల ఫోటోతో డిస్కు మీద గుండ్రటి స్టిక్కర్ అంటించి ఇచ్చిన రోజులవి. ఎండకీ ఉక్కకీ ఆ స్టిక్కర్ ఒకపక్క ముడుచుకుంటుంది, డిస్కుని వంచుతుంది. వంగిన డిస్కు వేగంగా తిరిగితే ఊగుతుంది, బయటి అంచు దగ్గర లేజర్ చదవలేదు. అందుకే స్టిక్కర్ ఉన్న డిస్కు మొదటి గంట బాగా ఆడి, చివర్లో అప్పగింతల దగ్గర ఆగిపోతుంది. డేటా లోపలి నుంచి బయటికి రాసి ఉంటుంది మరి. స్టిక్కర్ పీకే ప్రయత్నం చేయొద్దు, పీకితే ఇంకా వంగుతుంది. చదివే స్పీడు తగ్గించాలి. ఒక ఎక్స్ అంటే సెకనుకి 1.385 ఎంబీ. 4 ఎక్స్‌లో నిండు డిస్కు పావుగంటలో చదివేస్తుంది, 2 ఎక్స్‌లో అరగంట. ఆ అరగంటకి వెనకాడొద్దు.

కింది వైపు గీతలుంటే కంగారు పడక్కర్లేదు. డీవీడీలో డేటా పొర 0.6 మిల్లీమీటర్ల మందమున్న రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది. సీడీలో అయితే పైన లేబుల్ కిందే ఉంటుంది, అందుకే సీడీకి పై గీత ప్రాణాంతకం. డీవీడీని మెత్తటి నూలు గుడ్డతో, నీళ్ళతో కొంచెం తడిపి, మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాకు వెంట పడుతుంది, వరసగా బోలెడు డేటా పోతుంది. అడ్డంగా పడిన గీతని డ్రైవ్ తన దిద్దుబాటు లెక్కలతో పూడ్చుకోగలదు. డిస్కు రంగు వెలిసిపోయిందంటే అది వేరే జబ్బు. ఇంట్లో రాసిన డిస్కుల్లో డేటా ఒక రసాయన రంగులో ఉంటుంది, ఎండా వేడీ దాన్ని తినేస్తాయి. రేకుల కింద అటక మీద పెట్టిన డిస్కులు ముందు పోతాయి. వాటి కాపీ మొదట తీయండి, బీరువాలో ఉన్నవి తర్వాత.

విండోస్‌లో కాపీ కొట్టినప్పుడు చదవలేని చోటు వస్తే మొత్తం ఆపేస్తుంది. అలాంటి డిస్కుకి, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఉండే డీడీరెస్క్యూ వాడాలి. బ్లాక్ సైజు (ఒక్కో ముక్కలో చదివే డేటా) 2048 బైట్లు అని చెప్పాలి, ఏ చోటు చదివిందో ఏది మిగిలిందో రాసుకునే మ్యాప్ ఫైలుకి తప్పకుండా పేరు ఇవ్వాలి. మొదటి విడత చెడ్డ చోట్లని గోకొద్దు అనే ఆప్షన్‌తో నడిపితే బాగున్నదంతా గబగబా తీసుకుంటుంది. రెండో విడతలో మిగిలిన చోట్ల మీదే మూడేసి సార్లు ప్రయత్నించమని చెప్పాలి. దీనిలో అసలు మేలు ఆ మ్యాప్ ఫైలు. డిస్కు తీసి ఇంకో కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి అదే మ్యాప్ ఫైలుతో నడిపితే, మొదటి డ్రైవ్ చదవలేని చోట్లని మాత్రం రెండోది ప్రయత్నిస్తుంది. ఒక డ్రైవ్‌కి చేతకానిది ఇంకో డ్రైవ్ సునాయాసంగా చదవడం మామూలే. పక్కింటి పాత కంప్యూటర్ ఇక్కడ అక్కరకొస్తుంది. చివరికి ఒకటి రెండు సెక్టార్లు (డిస్కు మీది చిన్న డేటా ముక్కలు) పోయినా బెంగ లేదు. పాల్ డీవీడీలో 15 ఫ్రేములకొకసారి అయినా పూర్తి బొమ్మ మళ్ళీ వస్తుంది. అంటే ఒకచోట పోయిన డేటా మహా అయితే 0.6 సెకన్ల పాటు గళ్ళుగా కనిపించి సర్దుకుంటుంది.

ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్లలో ఇంకో తిరకాసు. చెడ్డ డిస్కు పెట్టినప్పుడు డ్రైవ్ ఆరుసార్లు తడబడితే విండోస్ దాని వేగాన్ని మెట్టుమెట్టుగా తగ్గించి, చివరికి పీఐఓ అనే నిదానపు మోడ్‌లోకి దించేస్తుంది. అక్కడి నుంచి మంచి డిస్కు పెట్టినా నత్తనడకే, ప్రాసెసర్ అంతా డ్రైవ్‌కే ఊడిగం చేస్తుంటుంది. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ ఛానెల్ లక్షణాల్లో చూస్తే డీఎంఏ (వేగంగా నడిచే మామూలు మోడ్) బదులు పీఐఓ అని కనిపిస్తుంది. ఆ ఛానెల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే తిరిగి డీఎంఏలోకి వస్తుంది. డ్రైవ్ పాడైందని పారేసే చాలా కేసుల్లో ముందు చూడాల్సింది ఇది.

ఇక సాఫ్ట్‌వేర్. హ్యాండ్‌బ్రేక్ వీడియోని మార్చి కుదించే ఉచిత సాఫ్ట్‌వేర్, దాని లోపల ఉండే ఎక్స్264 ఇంజను ఈ పనికి చాలు. ఇప్పటి హ్యాండ్‌బ్రేక్ విండోస్‌లో అయితే 64 బిట్ విండోస్ 10 గానీ ఆపైది గానీ అడుగుతుంది. కోర్ 2 డుయో 64 బిట్ ప్రాసెసరే, దానిమీద తేలికపాటి లినక్స్ అయిన లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకుంటే 2 జీబీ ర్యామ్‌తో కూడా పని జరుగుతుంది. డీవీడీ సైజు వీడియోకి అంతకంటే ర్యామ్ అక్కర్లేదు. 32 బిట్ పెంటియం 4 మాత్రం డిస్కులు కాపీ తీయడానికే వాడి, కన్వర్షన్ ఇంకోదానిలో పెట్టుకోవడం మేలు. హ్యాండ్‌బ్రేక్‌కి ఒక్కొక్క వీఓబీ ఫైలు విడిగా ఇవ్వొద్దు. అవి 1 జీబీకి ఒకటి చొప్పున తెగ్గోసిన ముక్కలు, అతుకుల దగ్గర మాట మింగేస్తుంది. వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం ఇవ్వండి. లోపలి ఐఎఫ్ఓ ఫైళ్ళు చదివి వరస తనే సరిగా పెట్టుకుంటుంది.

క్లారిటీ అన్నిటికంటే ఎక్కువగా పోయేది ఇంటర్లేసింగ్ (ఒక్కో ఫ్రేముని సగం సగం గీతలుగా రెండుసార్లు తీయడం) దగ్గర. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ వీడియో తీసుకోండి. హ్యాండీక్యామ్ ఒక ఫ్రేముని ఒకేసారి తీయలేదు. ముందు ఒకటి, మూడు, అయిదు వరస గీతలు, 20 మిల్లీసెకన్ల తర్వాత రెండు, నాలుగు, ఆరు వరస గీతలు తీసింది. ఆ 20 మిల్లీసెకన్లలో గిత్త కాలు ముందుకి పడింది, మెడ కిందికి వంగింది. ఆ ఫ్రేముని ఆపి చూస్తే వెనకాల పందిరి గుంజ స్పష్టంగానే ఉంటుంది, ఎందుకంటే అది కదలలేదు. గిత్త కాలు, కొమ్ము, తోలేవాడి చెర్నాకోల మాత్రం దువ్వెన పళ్ళలా చీలిపోయి ఉంటాయి. పాత బాక్సు టీవీ ఆ గీతల్ని అదే వరసలో, అదే వేగంతో చూపించేది కాబట్టి తేడా తెలిసేది కాదు. ఈ చీలికని విడదీయకుండా కుదించేస్తే అది బొమ్మలో శాశ్వతంగా అచ్చవుతుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు. టీ తాగి వచ్చేలోగా అయిపోయే కన్వర్షన్లలో జరిగేది సరిగ్గా ఇదే.

డిస్కు ఇంటర్లేస్డ్ అవునో కాదో చూడ్డానికి వీడియో ఆడించే సాఫ్ట్‌వేర్ వీఎల్‌సీలో పెట్టి, వీడియో మెనూలో ఈ చీలికని సరిచేసే డీఇంటర్లేస్‌ని ఆఫ్ చేయండి. ఆఫ్ చేయకపోతే వీఎల్‌సీ తనే సరిచేసి చూపించి మనల్ని మోసపుచ్చుతుంది. ఎవరైనా చెయ్యి ఊపే చోట ఆపి చూడండి. దువ్వెన కనిపిస్తే హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్స్ పేజీకి వెళ్ళి డీటెలిసిన్ ఆఫ్, ఇంటర్లేస్ డిటెక్షన్ ఆఫ్, డీఇంటర్లేస్ యాడిఫ్ అని పెట్టి, ప్రీసెట్‌లో బాబ్ ఎంచుకోండి. కొత్త వెర్షన్‌లో బీడబ్ల్యూడిఫ్ ఉంటే అది ఇంకొంచెం మెరుగు. బాబ్ పెడితే సెకనుకి 50 అరఫ్రేముల్నీ 50 పూర్తి ఫ్రేములుగా మారుస్తుంది. వీడియో పేజీలో ఫ్రేమ్ రేటు 50, కాన్‌స్టెంట్ అని కూడా పెట్టాలి, మర్చిపోతే సగం కదలిక పోతుంది. 25కి దించితే టైము దాదాపు సగానికి తగ్గుతుంది నిజమే. కానీ కోలాటం, బండలాగుడు, తిరునాళ్ళలో ప్రభల ఊరేగింపు లాంటివి 25లో కుదుపుగా కనిపిస్తాయి. ఇంటి జ్ఞాపకాలకి 50 పెట్టమనే చెబుతాం. పాత ఫోన్లకి ఇది బరువవుతుందని భయపడక్కర్లేదు. 720 బై 576 బొమ్మ 50 ఫ్రేములతో హెచ్264లో (ఎక్స్264 ఇంజను ఇచ్చే కుదింపు పద్ధతి) లెవెల్ 3.1 అనే బరువు పరిమితికి లోబడే ఉంటుంది. 720పీ వీడియో ఆడించే ఫోన్లు దాదాపు అన్నీ దాన్ని ఆడిస్తాయి.

బాబ్ పెట్టాక కదలిక రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి వేస్తూ వణుకుతుంటే, స్టూడియోలో అరఫ్రేముల వరస తారుమారయిందన్నమాట. మినీ డీవీ (చిన్న డిజిటల్ క్యాసెట్) కెమెరా కింది వరసని ముందు రాస్తుంది, డీవీడీలో ఎక్కువగా పై వరస ముందు ఉంటుంది. ఎడిటింగ్‌లో ఆ మార్పు చూసుకోకపోతే ఇలా అవుతుంది. డీఇంటర్లేస్‌లో కస్టమ్ ఎంచుకుని మోడ్ 7 (అదే బాబ్), పారిటీ 1 అని ఇస్తే కింది వరస ముందు అని తీసుకుని సరిచేస్తుంది. ఒకదానిమీద ఒకటి రెండు చేతులు పల్చగా, దయ్యంలా కనిపిస్తే మాత్రం అది స్టూడియోలోనే కలిసిపోయిన తప్పు. దాన్ని విడదీయలేం, వదిలేయండి.

ఆకారం సంగతి రెండు ముక్కల్లో. డీవీడీలో చుక్కలు చతురస్రాలు కావు. 720 బై 576 అని దాచినది పాత రకం 4:3 అయితే 768 బై 576గా, వెడల్పు రకం 16:9 అయితే 1024 బై 576గా చూపించాలి. హ్యాండ్‌బ్రేక్‌లో అనమార్ఫిక్ ఆటోమేటిక్ అని ఉంచితే చాలు, ఏ ఆకారంలో చూపాలో ఫైలులోనే సూచన రాసి పెడుతుంది. ఆ సూచనని పట్టించుకోని టీవీలు కొన్ని ఉంటాయి, వాటికోసం అనమార్ఫిక్ ఆఫ్ చేసి 768 అనో 1024 అనో వెడల్పు ఇచ్చేయండి. సరిగా వచ్చిందో లేదో చూడ్డానికి పెళ్ళిపీటల ముందున్న పళ్ళేన్ని చూడండి, గుండ్రంగా కనపడాలి. క్రాప్ (అంచులు కోసే సెట్టింగు) ఆటో మీద వదలొద్దు. చీకటి సీన్లు ఎక్కువున్న రాత్రి పెళ్ళిలో నలుపుని అంచు అనుకుని బొమ్మనే కోసేస్తుంది. క్యాసెట్ నుంచి ఎక్కించిన డిస్కుల్లో అడుగున ఏడెనిమిది గీతల మేర వంకర్లు కొట్టే పట్టీ ఉంటుంది. దాన్ని చేత్తో లెక్క చూసి, సరిసంఖ్యలో కోయండి.

ఇప్పుడు అసలు కుదింపు. ఒకప్పుడు రెండు గంటల పెళ్ళిని 700 ఎంబీ సీడీలో ఇరికించడం గొప్ప. ఆ లెక్కన మాటతో కలిపినా దక్కేది 0.8 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) దగ్గరే. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఇప్పటికీ కొందరు ఇంత సైజులో రావాలి అని ముందే గిరిగీసి మారుస్తారు. అక్కడే తలంబ్రాలు పాడవుతాయి. ముహూర్తం ముందు పురోహితుడు మంత్రాలు చదువుతుంటే పీటల మీదివాళ్ళు కదలరు, కెమెరా కదలదు, ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మార్పు ఉండదు. కుదింపుకి అది హాయి. తలంబ్రాలు మొదలవగానే వందల బియ్యపు గింజలు ఒక్కొక్కటి ఒక్కోవైపు ఎగురుతాయి, పైన ఫ్లాష్‌లైట్లు పడతాయి, చుట్టూ జనం ముందుకి తోసుకొస్తారు. ఫ్రేము ఫ్రేముకీ బొమ్మంతా కొత్తదే. అప్పుడు ఎక్కువ బిట్లు దొరక్కపోతే గింజలన్నీ కలిసి పసుపురంగు గళ్ళుగా మారతాయి, వెనకున్న అత్తయ్యల మొహాలు కూడా వాటిలో కలిసిపోతాయి.

అందుకే సైజు చెప్పకూడదు, నాణ్యత చెప్పాలి. హ్యాండ్‌బ్రేక్ వీడియో పేజీలో కాన్‌స్టెంట్ క్వాలిటీ ఎంచుకుని ఆర్ఎఫ్ 18 పెట్టండి. ఈ సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. 18 దాచుకోవడానికి, 20 చుట్టాలకి పంచడానికి. 22 దాటితే పాత హ్యాండీక్యామ్ బొమ్మలో మెత్తదనం కనపడటం మొదలవుతుంది. ఈ పద్ధతిలో కదలని చోట బిట్లు మిగుల్చుకుని తలంబ్రాల దగ్గర ధారాళంగా ఖర్చుపెడుతుంది. సైజు ఎంతవుతుందో ముందు తెలియదు, దానికి సిద్ధపడాలి. హాలోజన్ లైటు కింద తీసిన రాత్రి ఊరేగింపుల్లో రవ్వలు రవ్వలుగా నాయిస్ ఎక్కువ, అలాంటి ఫైలు ఒక్కోసారి డీవీడీ సైజుకే దగ్గరకొస్తుంది. అప్పుడు మార్చి లాభం లేదు, అసలు కాపీనే ఉంచుకోండి.

ఎన్‌కోడర్ ప్రీసెట్ మీడియం చాలు. రాత్రంతా నడిపే ఓపిక ఉంటే స్లో. పాత కంప్యూటర్ కదా అని అల్ట్రాఫాస్ట్‌కి పోవద్దు. అది వేగం కోసం గళ్ళని నున్నగా చేసే డీబ్లాకింగ్‌ని ఆపేస్తుంది, ముందూ వెనకా ఫ్రేముల్ని చూసి జాగా మిగిల్చే బీ ఫ్రేముల్ని తీసేస్తుంది, కాబాక్ అనే గట్టి కుదింపునీ వదిలేస్తుంది. అదే ఆర్ఎఫ్‌కి ఫైలు పెద్దది, బొమ్మ అధ్వానం. హెచ్264 తర్వాత వచ్చిన హెచ్265 అయితే ఫైలు చిన్నగా వస్తుందని ఎవరైనా చెబుతారు. పాత ప్రాసెసర్ మీద దానికి ఎక్స్264 కంటే ఎన్నో రెట్లు టైము పడుతుంది, ఇంత చిన్న బొమ్మకి దాని లాభం స్వల్పం, పాత టీవీలు చాలావరకు దాన్ని ఆడించవు. ఇంటెల్ క్విక్ సింక్ లాంటి హార్డ్‌వేర్ కుదింపు 2011లో వచ్చిన రెండో తరం కోర్ ప్రాసెసర్ల నుంచి ఉంది గానీ, ఆ తొలి తరాల్లో అదే సైజుకి ఎక్స్264 అంత బొమ్మ రాదు. వేగం తప్ప వేరే కారణం లేకపోతే దాని జోలికి పోవద్దు.

రెండు గంటల డిస్కు పెట్టేముందు ఒక్క నిమిషం పరీక్ష చేసుకోండి. ఆ నిమిషం తలంబ్రాలదే కావాలి. అది బాగుంటే మిగతాదంతా బాగుంటుంది. ఆ పరీక్షలో సెకనుకి ఎన్ని ఫ్రేములు చేస్తోందో హ్యాండ్‌బ్రేక్ కిందే చూపిస్తుంది. 50 ఫ్రేముల లెక్కన రెండు గంటలంటే 3,60,000 ఫ్రేములు. మీ కంప్యూటర్ సెకనుకి 25 చేస్తే నాలుగు గంటలు, 12 చేస్తే ఎనిమిది గంటల పైచిలుకు. ఎనిమిది గంటలైనా ఒక రాత్రి పనే.

హెచ్‌డీలోకి మార్చిస్తాం అనే మాటకి డబ్బు పోయొద్దు. 1920 బై 1080 అంటే 20,73,600 చుక్కలు. డీవీడీలో ఉన్నవి 4,14,720, సరిగ్గా అయిదో వంతు. మిగతా నాలుగు వంతులు ఉన్నవాటిని సాగదీసి పుట్టించినవే. ఆ సాగదీత పని టీవీ తనే ఉచితంగా చేస్తుంది. పాత కంప్యూటర్ చేత అది చేయిస్తే అన్ని రెట్ల చుక్కల్ని కుదించలేక టైము అన్ని రెట్లవుతుంది, ఫైలు బరువెక్కుతుంది, కొత్త వివరం ఒక్కటి రాదు. రంగుల్లో ఇంకో ప్రమాదం ఉంది. డీవీడీ రంగుల లెక్క బీటీ 601, హెచ్‌డీది బీటీ 709. లెక్క మార్చకుండా బొమ్మని మాత్రం పెద్దది చేస్తే టీవీ 709 అనుకుని చూపిస్తుంది. కుంకుమ, మామిడి తోరణాల పచ్చ అసలు రంగు తప్పుతాయి.

నాయిస్ తీసే ఫిల్టర్ల విషయంలో మా అభిప్రాయం గట్టిది: తక్కువే మంచిది. వెంకటగిరి చీర జరీ అంచుని దగ్గరగా చూపే షాట్‌లో సన్నటి గీతలు, మెరుపు చుక్కలు ఉంటాయి. ఫిల్టర్‌కి జరీ మెరుపూ నాయిసే. గట్టిగా పెడితే అంచు పసుపు పట్టీలా మిగులుతుంది. రాత్రి షాట్లు మరీ కసకసలాడుతుంటే హెచ్‌క్యూడీఎన్3డీ అల్ట్రాలైట్ లేదా లైట్ పెట్టండి, అది వేగంగానే నడుస్తుంది. ఎన్ఎల్‌మీన్స్ మెరుగైనదే గానీ పాత ప్రాసెసర్‌ని మూలన కూర్చోబెడుతుంది. పైగా మూడు గంటల పెళ్ళిని ఒక్క 4.7 జీబీ డిస్కులో కుక్కినప్పుడు సగటున 3.5 ఎంబీపీఎస్ లోపే మిగిలింది, గళ్ళు స్టూడియోలోనే పడ్డాయి. వాటిని పూర్తిగా తుడిచే ఫిల్టర్ లేదు.

శబ్దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. డిస్కులో శబ్దం ఏసీ3 రకం అయితే పాస్‌త్రూ పెట్టి ఉన్నదున్నట్టు ఉంచండి. ఎంపీ2 అయితే ఏఏసీలోకి 160 కేబీపీఎస్‌తో మార్చండి, కుదించని పీసీఎం అయితే 192తో. సన్నాయి మేళం గోలగా ఉందని వాల్యూమ్ ఫిల్టర్లు పెట్టొద్దు.

కరెంటు సంగతి మన వైపు వేరే చెప్పాలి. కన్వర్షన్ మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 ఫైలు మొత్తం పనికిరాదు. దాని విషయసూచిక చివర్లో రాస్తుంది కాబట్టి, ఏడు గంటలు నడిచి ఎనిమిదో గంటలో ఆగినా ఒక్క సెకను కూడా ఆడదు. ఎంకేవీ అలా కాదు, ఎంతవరకు రాసిందో అంతవరకు ఆడుతుంది. కాబట్టి ఎంకేవీలోనే చేయండి. ఎంపీ4 కావాలంటే తర్వాత మళ్ళీ కుదించకుండా డబ్బా మార్చుకోవచ్చు, రెండు మూడు నిమిషాల పని. కోతలు ఎక్కువున్న ఊళ్ళలో హ్యాండ్‌బ్రేక్‌లో చాప్టర్ల వారీగా, మూడేసి చాప్టర్లు ఒక ఫైలుగా క్యూలో వేసి, అన్నీ అయ్యాక ఫైళ్ళు కలిపే సాఫ్ట్‌వేర్ ఎంకేవీటూల్‌నిక్స్‌తో కలపండి. సెట్టింగులన్నీ ఒకటే అయితే అతుకు కనపడదు.

వేడి బొమ్మని చెడగొట్టదు, పనిని నిదానం చేస్తుంది అంతే. కానీ రోహిణి కార్తెలో తలుపులేసిన గదిలో రెండు కోర్లూ రాత్రంతా నూరు శాతం నడిస్తే కంప్యూటర్ తనంతట తనే ఆగిపోవచ్చు. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము ప్రాసెసర్ వేడి లాగే హీట్‌సింక్ రేకుల మధ్య కంబళిలా అల్లుకుంటుంది. ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదాలి. ప్రాసెసర్ మీద పూసిన పదేళ్ళ నాటి థర్మల్ పేస్టు పెచ్చులుగా ఎండిపోయి ఉంటుంది, తుడిచి కందిగింజంత కొత్త పేస్టు పెట్టండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలికి ర్యామ్ కాళ్ళు చిలుమెక్కుతాయి, కంప్యూటర్ మధ్యలో ఆగిపోవడానికి అదీ ఒక కారణం. ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెడితే చాలాసార్లు కుదురుతుంది. కోతలు రాని చల్లటి రాత్రి చూసుకోవడం ఇంకా మంచిది.

డీవీడీ అనుకున్నది డీవీడీ కాకపోవచ్చు కూడా. కొన్ని పాత పెళ్ళిళ్ళు వీసీడీలో ఉన్నాయి: ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్, లోపల డీఏటీ (.dat) ఫైలు, 352 బై 288 బొమ్మ. దాన్ని మళ్ళీ కుదించడానికి అందులో ఏమీ మిగల్లేదు. వీసీడీగేర్‌తో ఎంపీజీగా డబ్బా మార్చుకుని వదిలేయండి. కెమెరాలోనే రాసిన 8 సెంటీమీటర్ల చిన్న డిస్కుని కంప్యూటర్ ఖాళీ అంటోందంటే ఫైనలైజ్ (రాయడం ముగించి డిస్కుని మూసేయడం) చేయలేదని అర్థం. ఆ కెమెరా దొరికితే దానిలోనే ఫైనలైజ్ చేయాలి, లేకపోతే ఐసోబస్టర్ లాంటిది లోపలిది వెతికి తీస్తుంది. ఆ చిన్న డిస్కుని, సందులోంచి లోపలికి లాక్కునే ట్రే లేని డ్రైవ్‌లో మాత్రం పెట్టకండి, ఇరుక్కుంటుంది. అసలు మినీ డీవీ క్యాసెట్టే ఇంట్లో ఉంటే డీవీడీని పక్కన పెట్టండి. క్యాసెట్‌లో 25 ఎంబీపీఎస్ వీడియో ఉంది, డీవీడీ గరిష్ఠం 9.8. పాత కంప్యూటర్‌కి ఫైర్‌వైర్ (కెమెరా తగిలించే) పోర్టు ఉంటే ఆడే కెమెరా ఒక్కటి సంపాదించండి, ఆ డిజిటల్ డేటా ఉన్నదున్నట్టు దిగుతుంది.

అయ్యాక సరిచూడటం తప్పనిసరి. మొదట్లో అయిదు నిమిషాలు చూసి సంతోషపడితే చాలదు. చివరి నిమిషంలో పెదాలకీ మాటకీ పొంతన ఉందో లేదో చూడండి. మాట జారడం చివర్లోనే బయటపడుతుంది. తలంబ్రాలు, ఊరేగింపు, ఒక క్లోజప్ పాత కాపీ పక్కన పెట్టి పోల్చండి. అసలు కాపీని రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో ఉంచండి. పాత కంప్యూటర్ లోపలి హార్డ్ డిస్క్ ఒక్కదాన్నే నమ్మొద్దు. హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టినవి) పెరుగుతూ ఉంటే ఆ రోజే వేరేదానిలోకి మార్చండి.

పంచేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది తన లెక్కన మళ్ళీ కుదించి ఇంత కష్టాన్నీ బూడిదలో పోస్తుంది. డాక్యుమెంటుగా పంపండి, 2 జీబీ వరకు ఉన్నదున్నట్టు పోతుంది. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. జాగా ఖాళీగా ఉన్నా లేదంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. అమ్మమ్మ వాళ్ళింటి టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదవకపోతే ఎఫ్ఏటీ32లోనే ఉంచి, ఎంకేవీటూల్‌నిక్స్‌లో చాప్టర్ దగ్గర రెండు ముక్కలు చేసి, ముందు 1, తర్వాత 2 అని పేర్లు పెట్టి వేసివ్వండి.